మార్కులు పెరిగాయి సరే, మీ వల్లేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న గుణుపురం చుట్టుపక్కల 24 ఊళ్ళలో మీ సంస్థ మూడేళ్ళుగా సాయంత్రం బడి నడుపుతోంది. దాంతోపాటు ఐదేళ్ళలోపు పిల్లలకు చోడి (రాగి) పిండి ఇస్తున్నారు, నెలకోసారి తల్లుల సమావేశం పెడుతున్నారు. మొదట్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన పిల్లలు నూటికి 31 మంది ఉంటే ఇప్పుడు 58 మంది ఉన్నారు. డబ్బిచ్చినవాళ్ళు మార్చిలోగా ఇంపాక్ట్ రిపోర్టు కావాలంటున్నారు. ‘ఈ అంకెలు పెడితే సరిపోదా?’ అని మీరు అడిగారు.

సరిపోదండీ. మీ పని బాగాలేదని కాదు. 31 నుంచి 58కి మార్పు వచ్చిందన్న మాట నిజమే కావచ్చు. కానీ మార్పు వేరు, ప్రభావం వేరు. మీరు ఆ ఊళ్ళలో అడుగు పెట్టకపోయినా మూడేళ్ళలో పిల్లలు మూడేళ్ళు పెద్దవుతారు, సర్కారు బడిలో ఎంతో కొంత నేర్చుకుంటారు. ఆ ఎంతో కొంత తీసేశాక మిగిలిందే మీది. డబ్బిచ్చినవాళ్ళు అడగాల్సింది కూడా దాన్నే, అడగకపోతే వాళ్ళ ఖర్మ.

నేను పర్లాకిమిడిలో పుట్టి పెరిగాను. ఇరవై రెండేళ్ళుగా ఇలాంటి సర్వేలే నా బతుకుతెరువు. గంజాం తీరం నుంచి మల్కాన్‌గిరి దాకా తిరిగాను, మధ్యలో నాలుగేళ్ళు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచా వైపు ఉన్నాను. పుస్తకాల్లో దొరికే సంగతులు మీరెలాగూ చదువుకుంటారు. మన సరిహద్దులో తగిలే చిక్కుల గురించే ఎక్కువ రాస్తాను.

ముందు మీ షీటులో నన్ను ఆపేసిన చోటు. మొదటిసారి చదివించి చూసిన పిల్లలు 610 మంది. ఈసారి 430 మంది. మిగతా 180 మంది ఏమయ్యారు? మీరు వాళ్ళ పేర్ల పక్కన ‘లేరు’ అని రాసి వదిలేశారు. ఒక చిన్న లెక్క వేద్దాం. 430లో 58 శాతం అంటే సుమారు 249 మంది. కనిపించని 180 మందిలో ఒక్కరికీ చదవడం రాదనుకుంటే 610కి 249, అంటే 41 శాతం. అందరికీ వచ్చనుకుంటే 70 శాతం. మీ ఫలితం ఈ 41కీ 70కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 58 అని మీరు ఒక చోట వేలు పెట్టి చూపిస్తున్నారంటే, వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నవాళ్ళలాంటివాళ్ళే అని మీకు తెలియకుండానే ఒప్పుకున్నట్టు.

వాళ్ళు అలాంటివాళ్ళు కారు. మన వైపు పిల్లలు రిజిస్టరులోంచి పోయే దారులు నాకు తెలిసి నాలుగైదు ఉన్నాయి, ఒక్కోటి లెక్కని ఒక్కో వైపు లాగుతుంది. చురుకైన పిల్లల్ని ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చేర్పిస్తారు. అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకో, కట్టడాల పనికో వలస వెళ్ళిన పిల్లలు చదువులో వెనకబడినవాళ్ళే ఎక్కువ. ఇంకొందరు మేనమామ ఇంట్లో ఉండి భామినిలోనో కొత్తూరులోనో తెలుగు బడికి పోతుంటారు. ఒడిశా రిజిస్టరులో ఆ పిల్లవాడు ‘డ్రాపౌట్’, ఆంధ్రా రిజిస్టరులో క్లాసు ఫస్టు. పదమూడు పద్నాలుగేళ్ళకే పెళ్ళయిపోయిన ఆడపిల్లలు ఉంటారు, వాళ్ళ గురించి ఎవరూ నోరు విప్పరు. మీ సాయంత్రం బడి నచ్చక మానేసినవాళ్ళూ ఉంటారు. అసలు వినాల్సింది వాళ్ళ మాట.

కాబట్టి మీ దగ్గరున్న టైములో, ఉన్న డబ్బులో సగం ఈ 180 మందిని వెతకడానికే పెట్టండి. అందరూ దొరకరు. ఆశా దీదీకి, అంగన్‌వాడీ దీదీకి, కిరాణా కొట్టతనికి చాలామంది ఆచూకీ తెలిసే ఉంటుంది. సగం మంది దొరికినా ఆ 41–70 ఎడం బాగా తగ్గుతుంది. హాస్టల్‌కి వెళ్ళి చదివించి చూడండి. వలస వెళ్ళినవాళ్ళు పండక్కి ఊరొస్తారు, అప్పుడు పట్టుకోండి. మీరు వాడింది ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే పద్ధతేనని రాశారు. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. పద్ధతి మంచిదే. కానీ అసర్ వాళ్ళు పిల్లల్ని చదివించి చూసేది బడిలో కాదు, ఇళ్ళకి వెళ్ళి. బడికెళ్తే ఆ రోజు వచ్చినవాళ్ళే దొరుకుతారు కాబట్టి. మీరు కాగితం వాళ్ళది తీసుకుని, చదివించడం మాత్రం మీ సెంటర్లో కానిచ్చేశారు. అదే వచ్చిన చిక్కు.

ఇక ‘మేం లేకపోతే ఏమయ్యేది’ అన్న ప్రశ్న. దీనికి జవాబు మీ 24 ఊళ్ళలో దొరకదు. మీరు పని చెయ్యని ఊళ్ళలో దొరుకుతుంది. దీనికి గడ్చిరోలికి మించిన ఉదాహరణ నాకు తెలీదు. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ 1990లలో అక్కడ పుట్టిన పసికందుల చావుల్ని తగ్గించడానికి ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇళ్ళకి పంపింది. 39 ఊళ్ళలో ఈ పని చేసి, 47 ఊళ్ళలో చెయ్యకుండా రెండు చోట్లా పుట్టుకల్నీ చావుల్నీ ఒకేలా లెక్కపెట్టారు. మొదట్లో రెండు వైపులా వెయ్యి పుట్టుకలకు 60 దగ్గరే ఉన్న చావులు, 1997–98 నాటికి పని చేసిన ఊళ్ళలో 25.5కి దిగాయి. పక్క ఊళ్ళలో 59.6 దగ్గరే ఉండిపోయాయి. ఆ 59.6 ఉంది చూశారా, ఆ అంకె వల్లే ప్రపంచం నమ్మింది. అది లేకపోతే ‘కాలం మారింది, రోడ్లు పడ్డాయి, అందుకే తగ్గాయి’ అని ఎవరైనా కొట్టిపారేసేవాళ్ళు. 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. 2011 నుంచి దేశమంతా ఆశా కార్యకర్తలు పుట్టిన బిడ్డ ఇంటికి వెళ్ళి చూస్తున్నారంటే దాని మూలం అక్కడుంది.

సిరోంచాలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన నన్నడిగాడు, ‘ఆ 47 ఊళ్ళ పిల్లలు ఏం పాపం చేశారమ్మా?’ అని. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది: అందరికీ ఒకేసారి చెయ్యగలిగే స్తోమత మనకెప్పుడూ లేదు, ఎవరో ఒకరు ఆగక తప్పదు. ఆ ఆగడాన్ని సర్పంచి పలుకుబడికో, జీపు వెళ్ళే రోడ్డుకో వదిలెయ్యకుండా చీటీలకి వదిలితే ఎక్కువ న్యాయం.

మీ విషయానికొస్తే, మూడేళ్ళ కిందటి సంగతి పక్క ఊళ్ళలో ఇప్పుడు కొలవలేం. కానీ మీరు రాసిన దాంట్లో ఒక వాక్యం నాకు బంగారంలా కనిపించింది. ‘మొదటి ఏడాది 10 ఊళ్ళలోనే మొదలుపెట్టాం, డబ్బు ఆలస్యంగా రావడం వల్ల మిగతా 14 ఊళ్ళలో ఏడాది తర్వాత’ అన్నారు. ఆలస్యం మీకు తలనొప్పే, నాకు మాత్రం వరం. ఆ మొదటి ఏడాదంతా 14 ఊళ్ళు మీ పని లేని ఊళ్ళే కదా! ఏడాది చివర రెండు రకాల ఊళ్ళలోనూ చదివించి చూసి ఉంటే ఆ కాగితాలు తియ్యండి. ఉదాహరణకి 10 ఊళ్ళలో 30 నుంచి 44కి, 14 ఊళ్ళలో 32 నుంచి 39కి పెరిగిందనుకోండి. మీ వాటా 14 కాదు, 14లోంచి 7 తీసేస్తే మిగిలిన 7. చిన్నదిగా కనిపిస్తుంది, అయినా అది నిలబడే అంకె. ముందు ఆ 10 ఊళ్ళని ఎలా ఎంచుకున్నారో మాత్రం నిజం రాయండి. రోడ్డు పక్కవి కాబట్టి ఎంచుకుని ఉంటే, ఆ 7లో రోడ్డు వాటా కూడా ఉంటుంది.

వచ్చే ఏడాది ఇంకో 12 ఊళ్ళకి వెళ్తామన్నారు. వెళ్ళకముందే కొత్తగా ఇంకో 24 ఊళ్ళ జాబితా తయారు చేసి, పంచాయతీలో అందరి ముందూ చీటీలు తియ్యండి. ముందు 12, తర్వాతి ఏడాది 12. ఇలా చేస్తే మూడేళ్ళ తర్వాత ఇలాంటి ప్రశ్న మీరు మళ్ళీ అడగక్కర్లేదు.

‘600 మంది పిల్లలున్నారు, శాంపిల్ పెద్దదే కదా’ అన్నారు. పిల్లలు 600, ఊళ్ళు 24. ఒకే ఊరి పిల్లలకి ఒకే మాస్టారు, ఒకే బడి, ఒకే వాగు. మాస్టారు సెలవు పెడితే 25 మందీ కలిసే వెనకబడతారు. లెక్కల్లో దీన్ని పట్టించుకోవాలి. ఊరికి 25 మంది, ఒక ఊరి పిల్లల మధ్య పోలిక (అసలు లేకపోతే 0, అందరూ ఒకేలా ఉంటే 1) 0.2 ఉందనుకుంటే, 25లోంచి ఒకటి తీసేసిన 24ని 0.2తో హెచ్చించి 1 కలిపితే 5.8. 600ని దాంతో భాగిస్తే, మీ 600 మంది నిజానికి ఓ 103 మందితో సమానం. ఒకే ఊళ్ళో ఇంకో పదిమందిని అడిగే కన్నా ఇంకో ఊరికి నడవడం మేలు. ఎండలో నడవాల్సింది మీరే అనుకోండి.

ఇప్పుడు భాష. నాకు మొహం చెల్లని సంగతొకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో గంజాం తీరంలో జాలరి ఊళ్ళలో సర్వే చేశాం. ఆ ఊళ్ళలో ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, బడి ఒడియా. మా సంస్థ ఒడియా కాగితమే ఇచ్చింది, మేమూ అదే పట్టుకెళ్ళాం. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి కాగితం చూసి తల వంచుకు కూర్చుంది. ‘అక్షరం కూడా రాదు’ అన్న గడిలో నేనే టిక్కు పెట్టాను. తిరిగొస్తుంటే ఒడ్డున ఆ పిల్ల తమ్ముడికి పడవల మీద తెలుగులో రాసిన పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివి వినిపిస్తోంది. వాళ్ళమ్మ ఇంట్లో నేర్పిందట. ఆ టిక్కు నేను మార్చలేదు, రిపోర్టు అలాగే వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళ పిల్లలకి ఏమీ రాదని రాసిన వాక్యం కింద నా పేరు కూడా ఉంది.

మీ ఊళ్ళలో సవర పిల్లలున్నారు, కువి మాట్లాడేవాళ్ళున్నారు, తెలుగు ఇళ్ళున్నాయి. ఒక్క ఒడియా కాగితంతో కొలిస్తే మీరు కొలిచేది చదువు కాదు, ఒడియాతో పరిచయం. మూడేళ్ళలో పెరిగింది చదవడమా, ఒడియా అలవాటా? రెండూ మంచివే, కానీ వేరు వేరు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని మా పర్లాకిమిడిలో కూర్చుని గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, బడులు పెట్టించి నూరేళ్ళు దాటింది. ఒడిశా ప్రభుత్వం 2006–07లో పది గిరిజన భాషల్లో మాతృభాషా విద్య మొదలుపెట్టింది, అందులో సవర, కువి కూడా ఉన్నాయి. ఆ వాచకాల్లోంచి పేరాలు తీసుకోండి. ఏ భాషలో చదువుతావని పిల్లల్నే అడగండి, ఏది ఎంచుకున్నారో ఒక గడిలో రాయండి. అడిగేవాళ్ళకి కూడా ఆ భాష రావాలి. దుబాసీని పక్కన పెట్టుకుంటే సగం జవాబులు అతనే అందిస్తాడు, నేను కళ్ళారా చూశాను.

చోడి పిండి విషయంలో మీ లెక్క ఇంకా బలహీనం. మొదటి బరువులు ఆగస్టులో తీశారు, చివరివి జనవరిలో. మన కొండ ఊళ్ళలో ఆగస్టు అంటే ఇంట్లో గింజ ఉండని కాలం, పైగా జ్వరాలు, విరేచనాలు. జనవరికి వరి, చోళ్ళు ఇంటికొచ్చి ఉంటాయి. మీరు పిండి ఇచ్చినా ఇవ్వకపోయినా బిడ్డ బరువు పెరుగుతుంది. మళ్ళీ ఆగస్టు దాకా ఆగి అదే నెలలో తియ్యండి, రిపోర్టు మార్చిలో ఇవ్వాల్సి వచ్చినా సరే. ఈలోపు దండ (మోచేతికి పైన చెయ్యి) చుట్టుకొలత టేపుతో కొలవడం కొనసాగించండి. 11.5 సెంటీమీటర్లలోపు ఎరుపు, అంటే బిడ్డ బాగా చిక్కిపోయినట్టు; 12.5 దాకా పసుపు, అంటే కొంత చిక్కినట్టు. దానికి నెలల లెక్కతో వయసు అక్కర్లేదు, ఆరు నెలలు నిండి ఐదేళ్ళలోపు ఉంటే చాలు. వయసుతో ముడిపడిన ఏ కొలతైనా మన దగ్గర అనుమానమే. తల్లులు ‘జీడిపిక్కలు ఏరేటప్పుడు పుట్టాడు’ అంటారు, మీ కుర్రాడు ‘రెండేళ్ళు’ అని రాస్తాడు. నాలుగు నెలలు అటూ ఇటూ అయితే గిడసబారిన పిల్లవాడు మామూలు పిల్లవాడైపోతాడు. మీ షీటులో సరిగ్గా 24 నెలలు, 36 నెలలు ఉన్న పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి, మీకే నవ్వొస్తుంది.

పైగా ఆ ఊళ్ళలో పని చేస్తున్నది మీరొక్కరే కాదు. అంగన్‌వాడీ ఉంది, గర్భిణులకు మమతా డబ్బులున్నాయి, దమన్ క్యాంపులున్నాయి. దమన్ సంగతే చూడండి. మారుమూల ఊళ్ళలో జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ మలేరియా రక్తపరీక్ష చేసి మందులిచ్చే ఈ కార్యక్రమం 2017లో మొదలైంది. 2016లో ఒడిశాలో 4.4 లక్షలు దాటిన మలేరియా కేసులు 2019కి 40 వేల లోపుకి పడిపోయాయి. గొప్ప సంగతే. కానీ ఆ రోజుల్లోనే మందు పూసిన దోమతెరలు కోటికి పైగా పంచారు. ఎంత దోమతెర వల్ల, ఎంత క్యాంపు వల్ల అంటే ఒక్క వాక్యంలో చెప్పేవాళ్ళని నేను నమ్మను. ఇక మలేరియా తగ్గితే పిల్లల రక్తం పెరుగుతుంది, బడికి రావడం పెరుగుతుంది, దాంతో మీ చదువు అంకే పెరుగుతుంది. మీ 58లో దోమతెర వాటా కూడా ఉందన్నమాట.

కోరాపుట్ జిల్లా కొటియా ఊళ్ళలోనైతే ఇది పరాకాష్ఠ. ఆ 21 ఊళ్ళు ఏ రాష్ట్రానివన్న, 1968లోనే సుప్రీంకోర్టుకెక్కిన తగాదా వల్ల ఒడిశా ఒక బడి కడితే ఆంధ్రా ఇంకోటి పెడుతుంది, రెండు వైపుల కార్డులూ ఉన్న ఇళ్ళున్నాయి. అక్కడ ఏ సంస్థయినా ‘మా వల్లే’ అని రిపోర్టు రాస్తే నేను చివరి పేజీ దాకా చదవను. మీ పని చేసే ఊళ్ళకీ పోల్చే ఊళ్ళకీ ఈ సర్కారు పథకాలు సమానంగా అందుతున్నాయా అన్నది ఊరికో కాగితం మీద రాసుకోండి. కాన్పుల విషయంలో ఇంకో మాట: మీ వైపు ఆస్పత్రి రిజిస్టరులో లేనంత మాత్రాన ఇంట్లో కాన్పు అయిందనుకోకండి. పార్వతీపురం, పాతపట్నం వైపు వెళ్ళి కన్నవాళ్ళు చాలామంది. బిడ్డ ఎక్కడ పుట్టిందో తల్లినే అడగండి.

తల్లుల సమావేశాల మీద తొందరపడకండి. జార్ఖండ్, ఒడిశాలలో మహిళా బృందాలతో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2010లో అచ్చయింది. 18 ప్రాంతాల్లో బృందాలు, 18 ప్రాంతాల్లో లేవు. పసిబిడ్డల చావులు మూడేళ్ళూ కలిపి చూస్తే 32 శాతం తక్కువ, రెండో మూడో ఏళ్ళు మాత్రమే చూస్తే 45 శాతం తక్కువ. ఇలాంటి పని ఆలస్యంగా పండుతుంది. మీ 14 ఊళ్ళలో సమావేశాలు రెండేళ్ళ కిందటే మొదలయ్యాయి, అందుకని ‘చేతులు కడుక్కుంటున్నారా’ లాంటి ప్రశ్నలతో సరిపెట్టుకున్నట్టున్నారు. ఆ ప్రశ్న తీసెయ్యండి. మీ బ్యాడ్జీ వేసుకున్న మనిషి అడిగితే ‘లేదు, కడుక్కోం’ అని ఎవరంటారు? ఇంట్లో సబ్బు ఎక్కడుందో చూపించమనండి, అది తడిగా ఉందో లేదో చూడండి.

మూడు పనుల్లో ఏది ఎక్కువ పనిచేసిందో కూడా రాయాలన్నారు. మూడూ అన్ని ఊళ్ళలో కలిపి చేశారు కాబట్టి రాయలేరు. విడదీసి చెప్పాలంటే విడదీసి చెయ్యాలి. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లాలో టీకాల మీద అలాగే చేశారు. మామూలు ఊళ్ళలో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతం, నెలనెలా తప్పకుండా క్యాంపు పెట్టిన ఊళ్ళలో 18, క్యాంపుతోపాటు టీకాకి కిలో పప్పు ఇచ్చి, అన్నీ పూర్తయ్యాక పళ్ళేలు ఇచ్చిన ఊళ్ళలో 39. ఇలా ఉంటేనే క్యాంపు ఎంత, పప్పు ఎంత అని చెప్పగలం. వచ్చే 24 ఊళ్ళలో కావాలంటే సగానికి పిండి లేకుండా బడి మాత్రమే పెట్టి చూడండి.

అంకెలు ఎవరు రాశారన్నది మీరు చెప్పలేదు. సాయంత్రం బడి నడిపేవాళ్ళే తమ పిల్లల్ని పరీక్షించి ఉంటే, వాళ్ళు ఎంత నిజాయితీపరులైనా ఆ 58ని నేను తీసుకోను. వాళ్ళ జీతం దాని మీద ఆధారపడి ఉంది. ఊళ్ళు మార్చి పంపండి. ప్రతి పదిళ్ళలో ఒక ఇంటికి వేరే మనిషిని మళ్ళీ పంపి అవే నాలుగు ప్రశ్నలు అడిగించండి. జవాబులు కలవని ఊళ్ళలో మొత్తం మళ్ళీ చెయ్యండి. ఈ తనిఖీ ఉంటుందని ముందే చెప్పెయ్యాలి. చెప్పిన రోజు నుంచే రాత్రిళ్ళు లాంతరు పెట్టుకుని రిజిస్టర్లు నింపడం ఆగిపోతుంది.

మార్చి రిపోర్టులో ‘ఇంపాక్ట్’ అన్న మాట వాడకుండా రాయండి. మార్పు ఎంత, ఎంతమంది కనిపించలేదు, వాళ్ళలో ఎంతమందిని వెతికి పట్టుకున్నాం, ముందు మొదలైన 10 ఊళ్ళకీ తర్వాతి 14కీ మొదటి ఏడాది తేడా ఎంత, బరువుల మాట ఆగస్టులో చెప్తాం. నాలుగు పేజీలు చాలు. ఫొటోలు తగ్గించండి.

సంత రోజు మాత్రం ఏ ఊరికీ సర్వేకి వెళ్ళకండి, ముసలివాళ్ళు తప్ప ఎవరూ దొరకరు. మార్చి దాటితే ఇప్పపూలు, ఆ వెనకే జీడి, తెల్లారకముందే ఇళ్ళకి తాళాలు పడతాయి. అందుకే ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఒక్క ఊరి ‘లేరు’ జాబితా తయారయ్యాక, పేర్లు తీసేసి, వయసు, ఆడా మగా, చివరిసారి ఎంత చదివారు, ఇప్పుడు ఎక్కడున్నారని తెలిసింది అన్న నాలుగు గడులతో ఇక్కడ పెట్టండి. రెండో ఊరికి వెళ్ళేముందు ప్రశ్నలు ఎలా మార్చాలో చూసి చెప్తాను.